బత్తాయి మొహంలో నవ్వు: 40 సెంటీమీటర్ల మడత లైట్ బాక్స్ రివ్యూ

పండ్లకు కండ్లు, కనుబొమ్మలు పెట్టి, చూడగానే ఫక్కున నవ్వొచ్చేలా ఫోటో తీయాలనుకునేవాళ్లు మొట్టమొదట కొనేది మడత లైట్ బాక్స్. లోపలి గోడలకు వెండి రంగు పూత, పైన రెండు ఎల్‌ఈడీ పట్టీలు, ముందు ఒక తెర ఉన్న గుడ్డపెట్టె ఇది. 25, 40, 60 సెంటీమీటర్ల కొలతల్లో దొరుకుతుంది. ఇక్కడ చూసింది పెద్ద కంపెనీ పేరేమీ లేని 40 సెంటీమీటర్ల డబ్బా. ఆన్‌లైన్‌లో నానా పేర్లతో అమ్మేది దాదాపు ఇదే సరుకు. అందులో పెట్టినవి మన దగ్గరి పండ్లే: నల్లగొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం, కొల్లాపూర్ మామిడి, నకిరేకల్ నిమ్మ, దానిమ్మ, జామ, తాటికాయ.

తీర్పు ముందే చెప్పేస్తే మేలు. గాజులు, పచ్చడి సీసాల లాంటి సరుకు అమ్ముకోవడానికి ఫోటో కావాలంటే ఈ డబ్బా తెచ్చింది తెచ్చినట్టే పనికొస్తుంది. నవ్వు పుట్టించే ఫోటోకు మాత్రం అలా వాడితే పనికిరాదు. రెండు మూడు మార్పులు చేసుకోవాలి, వాటికి పెద్ద ఖర్చేమీ కాదు. అవి చేసుకున్నాక ఈ ధరలో ఇంతకన్నా మంచి సాధనం దొరకదు.

లోపమంతా ఒక్కచోటే ఉంది. ఈ డబ్బా నీడను చంపేస్తుంది. దాన్ని తయారుచేసిందే అందుకు. పైనుంచి రెండు పట్టీల వెలుతురు, నాలుగు పక్కల నుంచి వెండి గోడల ప్రతిఫలం కలిసి వస్తువును అన్ని వైపులా సమానంగా ముంచేస్తాయి. సరుకు అమ్మేవాడికి అదే కావాలి. కానీ బత్తాయిని అలా పెట్టి చూడండి. కింద నీడ లేక గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. అతికించిన కండ్లు బంతి మీద అచ్చువేసిన బొమ్మలా కనిపిస్తాయి. కోపంగా వంచిన కనుబొమ్మకు కోపం రాదు, ఎందుకంటే దాని కింద నీడ పడలేదు. పండు మనిషిలా కనిపించాలంటే దానికి బరువుండాలి, ముక్కుకు ఒక పక్క చీకటి ఉండాలి. ఆ రెండింటినీ ఇచ్చేది నీడే.

కాబట్టి మొదటి మార్పు లైట్లలో. పట్టీలు పై అంచుకు వెల్క్రోతో అంటుకుని ఉంటాయి, లాగితే వచ్చేస్తాయి. ఒకదాన్ని పూర్తిగా ఆర్పండి. రెండోదాన్ని తీసి ఎడమ గోడకు, పండు కన్నా ఒక జానెడు ఎత్తులో, కాస్త ముందుకు ఉండేలా నిలబెట్టండి. కుడి గోడ వెండి పూత మీద నల్లటి చార్టు ముక్క, 38 సెంటీమీటర్ల చదరంగా కోసింది, ఆనించండి. అంతే, బత్తాయికి కుడి చెంప చీకటి పడి, తొడిమె నీడ బుగ్గ మీదికి జారి, ఒక్కసారిగా మొహం వచ్చేస్తుంది. చీకటి మరీ ఎక్కువైందనిపిస్తే నల్లచార్టును సగానికి మడవండి, మిగతా సగంలో తెల్ల కాగితం పెట్టండి. కొనేటప్పుడే రెండు పట్టీలకు వేర్వేరు స్విచ్చులున్న రకం చూసుకోవాలి. ఒకే వైరు చీలి రెండింటికీ వెళ్లే రకమైతే ఒకదాన్ని ఆర్పడం కుదరదు, దాని మీద నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాల్సి వస్తుంది.

పండు మీద వెలుతురు ఎటునుంచి పడుతుందన్నది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే అమెరికా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫోటో చూడాలి. ఆయన దాన్ని ఒక రేకు గరాటులో పెట్టి తీశాడు. గరాటు లోపలి వంపు వెలుతురును కాయ చుట్టూ తిప్పింది, కానీ నీడను మిగిల్చింది. అందుకే అది కూరగాయలా కాక కండలు తిరిగిన వీపులా కనిపిస్తుంది. ఈ డబ్బా వెండి గోడలూ చేసేది అదే పని, అయితే నాలుగు వైపులా చేసేస్తాయి. ఒక గోడను మూస్తే గరాటుకు దగ్గరవుతాం.

రంగుల దగ్గర ఈ డబ్బాకు తక్కువ మార్కులే. చవక ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు తక్కువ. దానిమ్మ గింజలు చూస్తే వెంటనే తెలుస్తుంది: కండ్లముందు మాణిక్యంలా మెరిసే గింజ ఫోటోలో ఇటుక పొడి రంగుకు దిగుతుంది. బత్తాయి ఆకుపచ్చకూ సీతాఫలం బూడిద పచ్చకూ ఇబ్బంది లేదు. పసుపు పచ్చ మామిడి కొద్దిగా నిమ్మ రంగు వైపు జరుగుతుంది. ఎర్రటి పండే ఫోటోకు నాయకుడైతే డబ్బా లైట్లు ఆర్పేసి, ముందు తెర తీసేసి, డబ్బాను ఉత్తరం కిటికీ వైపు తిప్పి పెట్టుకోవడమే మంచిది. లోపలి వెండి గోడలు అప్పుడూ పనిచేస్తాయి. కిటికీ వెలుతురునూ ఎల్‌ఈడీనీ కలపొద్దు. కలిపితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వస్తుంది, దాన్ని యాప్‌లో సరిచేయడం చాలా కష్టం.

ఫోను తనంతట తాను రంగు సరిచేసుకునే పద్ధతి కూడా ఇక్కడ మోసం చేస్తుంది. పండు వెనక పరిచిన పసుపు ప్లాస్టిక్ షీటు ఫ్రేమంతా నిండితే ఫోను దాన్ని తెలుపు చేయబోయి పండును నీలంగా మారుస్తుంది. పండు పెట్టే చోట ముందు ఒక తెల్ల కాగితం పెట్టి, ప్రో మోడ్‌లో (అన్నీ మనమే మార్చుకునే మోడ్) వైట్ బ్యాలెన్స్‌ను, అంటే రంగు సర్దుబాటును, కాగితం తెల్లగా కనిపించేదాకా జరిపి, అక్కడే ఆపేయండి. చాలా పట్టీలకు 5500 నుంచి 6000 కెల్విన్ మధ్య కుదురుతుంది. తెల్ల షీటు మీద తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక పాయింటు దాకా పెంచాలి, లేకపోతే తెలుపు బూడిదవుతుంది. నల్ల షీటు మీద అంతే తగ్గించాలి.

కరెంటు విషయం. పట్టీలు 5 వోల్టుల యూఎస్‌బీతో నడుస్తాయి, రెండూ వెలిగితే 2 ఆంపియర్ల దాకా లాగుతాయి. పాత ఫోను చార్జరు, 1 ఆంపియర్‌ది, తగిలిస్తే వెలుతురు మసకబారి వణుకుతుంది. డబ్బా పాడైందనుకుని తిప్పి పంపేవాళ్లలో చాలామందిది చార్జరు తప్పే. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మీద రెండు పట్టీలూ దాదాపు మూడు గంటలు వెలుగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయినా పని ఆగదు. వెలుతురు తగ్గించే నాబ్ మాత్రం ముట్టుకోకండి. అది వెలుతురును నిజంగా తగ్గించదు, లైటును చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తుంది. మన కంటికి తెలియదు కానీ ఫోటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. నాబ్‌ను పూర్తి వెలుతురు వైపు తిప్పి ఉంచి, వెలుతురు తగ్గించాలంటే పట్టీ మీద బటర్ పేపర్ ఒక పొర వేయండి, ఇంకా తగ్గాలంటే రెండు. షట్టరు 1/50 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100 దగ్గర పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఫోను స్టాండు మీద ఉండాలి, చేతిలో కాదు.

బటర్ పేపర్‌కు ఇంకో ఉపయోగం ఉంది. బత్తాయి తోలు నూనె తోలు, నిగనిగలాడుతుంది. ఎల్‌ఈడీ చుక్కలు దాని మీద పూసల దండలా ప్రతిఫలించి, నుదుటి మీద తెల్లటి గీత పడుతుంది. బటర్ పేపర్ అడ్డం పెడితే ఆ గీత మెత్తటి మెరుపుగా మారుతుంది.

ఇప్పుడు కండ్లు. అంగట్లో దొరికే ఊగే ప్లాస్టిక్ కండ్లు చాలామంది కొంటారు, వద్దు. పైన గుమ్మటంలా ఉండే పారదర్శక ప్లాస్టిక్ మీద డబ్బా లైట్లన్నీ ప్రతిఫలిస్తాయి, నల్లగుడ్డు తనిష్టం వచ్చిన వైపు జారిపోతుంది. పండు ఎటు చూడాలో మనం చెప్పలేం. వాటికన్నా నల్ల బొట్టుబిళ్లలు ఎంతో మేలు. మఖమల్ పూత ఉన్నవి అసలు మెరవవు, వెనక బంక ఉంటుంది, నాలుగైదు కొలతలు ఒకే అట్ట మీద వస్తాయి. కన్ను తయారీ ఇలా: మందపాటి తెల్ల డ్రాయింగ్ కాగితం నుంచి 12 మిల్లీమీటర్ల గుండ్రాలు కోయండి. వాటి మీద 6 మిల్లీమీటర్ల బొట్టుబిళ్ల అతికించండి. వైట్‌నర్ పెన్నుతో బిళ్ల మీద ఆవగింజంత తెల్లచుక్క, లైటు ఉన్న వైపే, రెండు కండ్లకూ ఒకే చోట పెట్టండి. ఆ చుక్క లేకపోతే కన్ను చచ్చిన చేప కన్నులా ఉంటుంది. నిమ్మకాయకు 12 మిల్లీమీటర్ల కన్ను మరీ పెద్దది. ఆఫీసు పంచింగ్ మిషన్‌తో రంధ్రం చేస్తే రాలే 6 మిల్లీమీటర్ల తెల్ల ముక్కలే దానికి సరిపోతాయి, మధ్యలో స్కెచ్ పెన్ చుక్క చాలు. పండు వెడల్పులో ఆరో వంతు కన్ను అని గుర్తుపెట్టుకుంటే లెక్క తప్పదు.

బంక పట్టకపోవడం అందరికీ ఎదురయ్యే ఇబ్బందే. బత్తాయి తోలు మీది నూనెను శానిటైజర్ తడిపిన టిష్యూతో ఒకసారి తుడవండి, ఆరనివ్వండి, అప్పుడు అతికించండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పండుకు చెమట పడుతుంది, గంట ముందే బయట పెట్టాలి. సూపర్ గ్లూ మాత్రం వాడొద్దు. ఫోటో అయ్యాక ఆ పండు ఎవరో ఒకరు తినాలి.

కనుబొమ్మలకు లవంగాలు వాడి చూడండి. బత్తాయి తోలులోకి కాడ కొసను ఏటవాలుగా గుచ్చితే కదలకుండా నిలుస్తాయి, వాటికి సహజంగానే ఒక వంపు, ఒక లావు ఉంటాయి, పక్క వెలుతురులో చక్కటి నీడ పడుతుంది. లోపలి కొసలు కిందికి దించితే కోపం, పైకెత్తితే భయం. ఒకటి పైకి ఒకటి కిందికి పెడితే అనుమానం, అన్నిట్లోకీ ఎక్కువ నవ్వు తెప్పించేది ఇదే. కండ్లు పెట్టే చోటు కూడా మొహాన్ని మార్చేస్తుంది. నడిమికి కిందుగా, దూరం దూరంగా పెడితే పసిపాప, పైకి, దగ్గరదగ్గరగా పెడితే ముసలి పెద్దమనిషి. పెద్ద నుదురు, కిందుగా ఉన్న పెద్ద కండ్లు చూస్తే మనకు ముద్దొస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు. చంటిబిడ్డ లాంటి మామిడికి బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెడితే ఇంక మాటలక్కర్లేదు, ఏ ఇంట్లో చూసినా అర్థమవుతుంది.

చూపు ఎటు అన్నది కండ్ల కొలత కన్నా ముఖ్యం. ఒకే పండు నేరుగా కెమెరా వైపు చూస్తే అది బొమ్మ. రెండు పండ్లుండి ఒకటి రెండోదాన్ని ఓరగా చూస్తే అది కథ. బొట్టుబిళ్లను తెల్లగుండ్రం మధ్యలో కాకుండా ఒక అంచుకు ఆనించి అతికించడమే చేయాల్సింది. దిష్టికి నిమ్మకాయను మిరపకాయలతో దారానికి గుచ్చి డబ్బా పై రంధ్రం నుంచి వేలాడదీయండి. కింద వరుసగా నాలుగు నిమ్మకాయలను పెట్టి, వాటి చూపులన్నీ పైకి తిప్పండి. పైనున్నదాని చూపు కిందికి. ఎవరికీ శీర్షిక రాయాల్సిన అవసరం ఉండదు. శీర్షిక చదివితే తప్ప నవ్వు రాని ఫోటోలో ఎక్కడో ఒక చూపు తప్పు దిక్కులో ఉందనే అర్థం.

పండ్లు దొర్లడం డబ్బాలో పెద్ద తలనొప్పి, ఎందుకంటే కింద పరిచే పీవీసీ షీటు నున్నగా ఉంటుంది. ఏడెనిమిది సెంటీమీటర్ల బత్తాయి కింద 3 సెంటీమీటర్ల స్టీలు కీచైన్ రింగు పెడితే పండు అందులో కూర్చుంటుంది, ముందు నుంచి రింగు కనిపించదు. మామిడికి రింగు నప్పదు, బఠాణీ గింజంత గోధుమపిండి ముద్దలు మూడు కావాలి. పండును కావలసినంత పక్కకు వంచి నిలబెట్టడానికి పిండికి మించింది లేదు. షీటు మీద తడి మరక పడితే బట్టతో తుడిస్తే పోతుంది.

ఒక్కో పండుకు ఒక్కో స్వభావం. బత్తాయి అన్నిట్లోకీ సులువు: గట్టి తోలు, వారం రోజులు చెడదు, తొడిమె ఉన్న వైపు ముందుకు తిప్పితే ఆకుపచ్చ నక్షత్రం లాంటి ముక్కు సిద్ధంగా ఉంటుంది. మన వైపు పండేది సాత్గుడి రకం, తోలు పచ్చగా ఉండగానే లోపల తియ్యబడుతుంది. నారింజ రంగు కోసం వెతక్కండి, ఆ పచ్చ పసుపు మచ్చలే దానికి అందం. నల్లగొండ బత్తాయి మార్కెట్ దగ్గర కొంటే ఏరుకునేటప్పుడు రుచి కాదు, మొహం చూడండి: ఒక పక్క ఉబ్బినవి, తొడిమె వంకరగా ఉన్నవి వ్యాపారి పక్కన పడేస్తాడు, మనకు కావలసినవి అవే.

బత్తాయి నోటికి పలువరుస కావాలంటే మన భాషే దారి చూపిస్తుంది. దానిమ్మ గింజల్లాంటి పలువరుస అంటాం కదా, అదే చేయండి. బత్తాయికి కండ్ల కింద 3 సెంటీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల వెడల్పుతో నవ్వుతున్న నోరులా తోలు కోయండి. లోపలి తెల్లపొర దాకే, తొన తెగకూడదు. అందులో ఏడెనిమిది దానిమ్మ గింజలను మొన లోపలికి ఉండేలా పక్కపక్కన నొక్కండి. లేత గులాబీ గింజలైతే పళ్లలా ఉంటాయి, ముదురెరుపువి తాంబూలం వేసుకున్న నోరులా ఉంటాయి. రెండూ బాగుంటాయి, వేర్వేరు మనుషులు అంతే. గింజలను ముందుగా టిష్యూ మీద ఆరబెట్టకపోతే రసం కారి గడ్డం మీద నెత్తురు మరకలా కనిపిస్తుంది, నవ్వు కాస్తా భయమవుతుంది.

సీతాఫలం అందంగా వస్తుంది కానీ ఓపిక అడుగుతుంది. కాయ కోతకొచ్చిందని చెప్పడానికి కండ్లు తెరిచింది అంటాం, గళ్ల మధ్య గాడి వెడల్పై తెల్లబారుతుంది. దానికి వేరే కండ్లు అతికిస్తే వందల కండ్ల మధ్య రెండు కండ్లు పోతాయి. కాబట్టి ఆ గళ్లను కండ్లుగా కాక జుట్టుగా వాడాలి: ఉంగరాల జుట్టు. బొమ్మల దువ్వెన ఒకటి, నాలుగు సెంటీమీటర్లది, పళ్లు గాడిలోకి దిగేలా నెత్తిన గుచ్చండి. చిక్కు తీసుకోలేక దువ్వెన వదిలేసిన ఆడమనిషి కనిపిస్తుంది. ఇంకేమీ పెట్టక్కర్లేదు. ఇక్కడ పక్క వెలుతురు తప్పనిసరి. లైటు పండుకు దాదాపు సమాంతరంగా, తక్కువ ఎత్తులో ఉంటేనే ప్రతి గడీ ఉబ్బి కనిపిస్తుంది. డబ్బా రెండు లైట్లూ పైనుంచి వేస్తే పచ్చటి ముద్ద తప్ప ఏమీ ఉండదు. పండు మీద తెల్లటి పొడి లాంటి పూత ఉంటుంది, వేలు తగిలిన చోటల్లా పోయి మరక మిగులుతుంది. తొడిమె పట్టుకునే కదపాలి. గట్టిగా ఉన్న కాయే తీసుకోండి, రెండు మూడు రోజుల్లో మెత్తబడి దువ్వెన బరువుకే విచ్చుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే తోలు నల్లబడుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా జాతీయ రహదారి మీద బాలానగర్, జడ్చర్ల దగ్గర గంపలతో అమ్ముతారు, గంప మొత్తం కాకుండా పూత చెదరని నాలుగు కాయలు ఏరి ఇవ్వమని అడిగితే ఇస్తారు.

మామిడితో జాగ్రత్త సొన గురించే. తొడిమె దగ్గర ఒక సెంటీమీటరు కాడ వదలకుండా విరిస్తే సొన కారి తోలును నల్లగా కాలుస్తుంది, తెల్ల షీటు మీద పడితే జిగురు పడుతుంది. పెళ్లిచూపుల ఫోటోకు మామిడి కన్నా మంచి పండు లేదు, దాని మెడ సహజంగానే వంగి ఉంటుంది: తలవంచుకున్న పెళ్లికూతురు. గద్వాల చీర అంచును మూడు వేళ్ల వెడల్పున మడిచి తలమీదుగా వేయొచ్చు, కానీ జరీ మీద లైటు నేరుగా పడితే ఫోటోలో తెల్లగా వెలిసిపోతుంది, అంచును లైటుకు ఏటవాలుగా తిప్పాలి. ఎదురుగా పెద్ద పనసకాయను కూర్చోబెట్టాలనుకుంటే మాత్రం ఈ డబ్బా చాలదు.

కోసిన ముక్కలకు గడియారం చూసుకోవాలి. జామ, అరటి, ఆపిల్ గాలి తగలగానే గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు నిమ్మరసం కలిపి రెండు నిమిషాలు ముంచి తీస్తే చాలాసేపు తెల్లగా ఉంటాయి. కన్నీటిచుక్క కావాలంటే నీళ్లు వాడకండి, జారిపోతాయి. మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌ను సగానికి సగం నీళ్లతో కలిపి అగ్గిపుల్ల కొసతో కంటికింద ఒక్క చుక్క పెడితే ఫోటో అయ్యేదాకా అలాగే నిలుస్తుంది. చాకును చూస్తున్న నిమ్మకాయ కన్నీరు దానితోనే.

బస్సు దృశ్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, డబ్బా కొలత ఎందుకు ముఖ్యమో అక్కడే తెలుస్తుంది. పాత రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్ తీసుకోండి, పైగిన్నె తీసేయండి. అడుగు గిన్నెలో ఐదారు నిమ్మకాయలు కిక్కిరిసేలా నింపండి, అందరి చూపు ముందుకే. ఒక్క నిమ్మకాయను గిన్నె అంచు బయట, టూత్‌పిక్ ఒక కొస కాయలోకి, ఇంకో కొస లోపలి కాయలోకి గుచ్చి వేలాడదీయండి. దాని చూపు మాత్రం వెనక్కి, భయంతో. పొద్దున కాలేజీ టైముకు పల్లెవెలుగు బస్సు ఎక్కినవాళ్లెవరికైనా అది ఎవరో తెలుసు. స్టీలు గిన్నె మీద డబ్బా అంతా ప్రతిఫలిస్తుంది, ఫోను కూడా. నల్లచార్టుకు మధ్యలో కెమెరా పట్టేంత రంధ్రం కోసి, ఫోను ముందు పెట్టుకుంటే ఫోను కనిపించదు. ఈ గిన్నె 40 సెంటీమీటర్ల డబ్బాలో చుట్టూ చోటుతో ఇముడుతుంది. 25 సెంటీమీటర్ల డబ్బాలో గోడలు ఫ్రేములోకి వస్తాయి. చిన్న డబ్బా ధర దీనిలో సగం ఉండొచ్చు కానీ ఒక్క నిమ్మకాయకో రెండు జామకాయలకో తప్ప దేనికీ సరిపోదు.

ఫోను ఎత్తు పండు కండ్ల ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి తీస్తే మొహం పోయి నడినెత్తి కనిపిస్తుంది. దూరం నలభై యాభై సెంటీమీటర్లు, లెన్స్ రెండింతలు (2x) దగ్గరగా చూపేది. దగ్గరికెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముక్కు పెద్దదై మొహం ఉబ్బుతుంది, ఒక్క కోపిష్టి పండుకు అది బాగుంటుంది, అన్నిటికీ కాదు. ఫోకస్ కంటి మీద పెట్టి, వేలు నొక్కి పట్టి లాక్ చేయండి.

డబ్బాతో వచ్చే పీవీసీ షీట్లది పెద్ద ఫిర్యాదు. చుట్టగా చుట్టి పంపుతారు, ఆ చుట్ట వంపు ఓ పట్టాన పోదు, షీటు కింది అంచు లేచి పండును వెనక్కి తోస్తుంది. ఎండలో పెడితే సరవుతుందనుకుంటారు, మన ఎండకు వంకర తిరుగుతుంది. ఎదురు దిక్కున చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఒక పూట ఉంచి, తర్వాత రాత్రంతా పరుపు కింద పెడితే దారికొస్తుంది. వెనక గోడ పైనుంచి వదులుగా వేలాడదీయాలి, మూలలో మడత పడకూడదు. దానిమ్మ మరకను శానిటైజర్‌తో వెంటనే తుడిస్తే పోతుంది, పసుపు మరక పోదు. రంగుల ఎంపిక కూడా నిరాశే: వచ్చే ఆకుపచ్చ షీటు మీద బత్తాయి మాయమవుతుంది. సీతాఫలానికి ఇటుకెరుపు, మామిడికి నీలం, బత్తాయికి ముదురు గులాబీ కావాలి, అవి స్టేషనరీ దుకాణంలో చార్టులుగా దొరుకుతాయి, షీటు కన్నా మెరుపు తక్కువ కాబట్టి మంచివి కూడా. పోచంపల్లి ఇక్కత్ గుడ్డ పరవాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ గళ్లలో పండు కండ్లు కలిసిపోతాయి, నవ్వు ఫోటోకు వద్దు.

డబ్బా అందిన రోజే రెండు పట్టీలను అరగంట వెలిగించి ఒక్క ఎల్‌ఈడీ కూడా ఆరలేదని చూసుకోండి, మూలల కుట్లు లాగి చూడండి. మడిచి విప్పేటప్పుడు మొదట తెగేవి ఆ కుట్లే. విప్పినప్పుడల్లా మడవకుండా ఒక మూలకు పెట్టేయగలిగితే రెండేళ్లు మన్నుతుంది.

డబ్బా నెత్తిన ఉన్న గుండ్రటి రంధ్రాన్ని చాలామంది పట్టించుకోరు. ఎండాకాలంలో తాటిముంజలు వచ్చినప్పుడు దాన్ని తెరవాలి. ముంజకాయ నెత్తిని కత్తితో కొట్టి తీయగానే లోపల మూడు గుంతలు కనిపిస్తాయి. వాటిలో రెండు పైకి, ఒకటి కిందికి ఉండేలా కాయను తిప్పండి. రెండు కండ్లు, ఒక తెరిచిన నోరు, ఏదో విని నోరెళ్లబెట్టిన మొహం సిద్ధం. అతికించాల్సింది ఒక్కటీ లేదు. కాయను నల్లచార్టు మీద పెట్టి, ఒక్క పట్టీని పక్కగోడకు నిలబెట్టి, ఫోనును పై రంధ్రం మీద బోర్లా పెట్టి కిందికి చూపండి. ముంజలు తీయక ముందే ఒక ఫోటో, ఒక్క కన్నులోంచి ముంజ తీసేసి ఇంకో ఫోటో తీయండి. నీళ్లూరుతున్న ముంజ ఉన్న కన్ను మెరుస్తుంది, తీసేసిన కన్ను మూసినట్టుంటుంది. కన్నుకొట్టే తాటికాయ. కోసిన పావుగంటలోపే తీయాలి, తర్వాత ముంజ మెరుపు తగ్గి గుంత అంచులు నల్లబడటం మొదలవుతుంది.